తడి బొటనవేలు

మా కరెంటాఫీసు గుమ్మం పక్కన వేలిముద్రల మిషన్ ఉంది. పొద్దున్నే దాని మీద బొటనవేలు నొక్కితే "థాంక్యూ" అంటుంది. అది అంటేనే మనం వచ్చినట్టు. పొడి వేలంటే దానికి గిట్టదు. అందుకని మేనేజరు గారి దగ్గర్నుంచి అందరూ వేలు నాలికకి అద్దుకుని మరీ నొక్కుతారు. కరెంటు బిల్లుల్లో పైసా తేడా కనిపెట్టే వాళ్లం, ఇందులో తేడా ఏముందో ఎవరికీ తోచలేదు.

నా తమ్ముడిదీ ఇదే ఆఫీసు, నా వెనక బల్ల. ఈమధ్య వాడికి కూతురు పుట్టింది, నెలలు నిండకుండానే. పిల్ల గుప్పెడంత ఉంది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. మోచేతుల దాకా కడుక్కుంటే గానీ, పెట్టెకున్న కంతలోంచి వేలితోనైనా తాకనివ్వరు. ఎలా కడుక్కోవాలో నర్సు నేర్పింది. అప్పట్నుంచి వాడికి అదే లోకం. ఫైలు ముట్టుకుంటే కడుగుడు, ఫోనెత్తితే కడుగుడు. ఆఫీసులో వాడికి సబ్బుదొర అని పేరు పడిపోయింది.

కడిగీ కడిగీ వాడి వేళ్లు పగిలి గీతలు అరిగిపోయాయి. మిషన్ వాణ్ణి గుర్తుపట్టడం మానేసింది. ఎదురుగా నిలబడ్డ మనిషి రానట్టే లెక్క. అందరిలా కాస్త తడి చేస్తే నీ సొమ్మేం పోయిందయ్యా అని హాజరు చూసే గుమాస్తా వేళాకోళం చేశాడు. వాడు మాత్రం వేలు నాలికకి అద్దలేదు. రోజూ ఆయన బల్ల దగ్గర నిలబడి, నేనొచ్చానండీ అని చెప్పుకునేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంతలో నర్సు చల్లటి కబురు చెప్పింది. ఆదివారం పిల్లని పెట్టెలోంచి తీసి నాన్న ఛాతీ మీద పడుకోబెడతారట. జలుబూ దగ్గూ లేకపోతేనే సుమా అందట. ఆ సంగతి వాడు నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆ వారమే మేనేజరు గారికి పడిశం పట్టింది. సెలవు పెట్టడం ఆయనకి నామోషీ. ముక్కు చీదుకుంటూనే వచ్చి, వేలు తడిచేసుకుని నొక్కి లోపలికి వెళ్లారు. ఆ వెనకే మావాడు ఆసుపత్రి నుంచి రొప్పుతూ వచ్చాడు. మిషన్ కాదంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ కాదంది. వెనక నలుగురు విసుక్కుంటున్నారు. ఏళ్ల అలవాటు కదా, అదే వేలు దానంతటదే నాలిక మీదికి వెళ్లిపోయింది.

"థాంక్యూ" అంది మిషన్.

వాడు ఆ వేలు అలాగే పట్టుకుని, వరసలో వెనకున్న నాకేసి చూశాడు. ఏం కాదులేరా అన్నాను గానీ, నాకే నమ్మకం లేదు.

ఆదివారం వాడితో పాటు నేనూ వెళ్లాను. మా మరదలు అప్పటికే లోపల పెట్టె పక్కన కూర్చుని ఉంది. గొంతు గరగరలాడుతోందక్కా అన్నాడు వాడు వరండాలో. నిద్రలేక అలా ఉందిలే, నోరు మూసుకుని లోపలికి నడువు అని కసిరాను. వాడు మోచేతుల దాకా కడుక్కుని గౌను తొడుక్కున్నాడు. ఒంట్లో ఎలా ఉందని నర్సు రోజూ అడిగినట్టే అడిగింది. వాడు పగిలిన చేతులకేసి చూసుకున్నాడు.

"పొద్దుట్నుంచి గొంతు బాగాలేదండీ."

నర్సు గౌను విప్పించి, మాస్కు ఇచ్చి, అద్దాల కిటికీ అవతల నిలబెట్టింది. పిల్లని మా మరదలి గుండె మీద పడుకోబెట్టారు. వీడు కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి అలా చూస్తూ ఉండిపోయాడు. వాడి నిజాయితీ మీద, ఆ దిక్కుమాలిన మిషన్ మీద, నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

కాసేపటికి చెయ్యి తీశాడు. అద్దం మీద దాని మరక పడింది. గోడకున్న సీసాలోంచి చేతులకి రాసుకునే మందు దూది మీద ఒంపుకుని ఆ మరకని రుద్ది రుద్ది తుడవడం మొదలెట్టాడు.

అదేం పనిరా, అద్దమేగా అన్నాను.

"ఇంకో నాన్న వచ్చి చెయ్యి పెడతాడు కదక్కా."