నిజం రాయి

మధ్యాహ్నం పన్నెండున్నరకి సారెన్నని ఎండలో వంచారు. మగ్గం పాకలోంచి నేను చూస్తూనే ఉన్నాను. చేతిలో నాడె ఉంది. పక్కన ఎవరో ఒకావిడ తన కూతురికి నేత చూపించమని నిలబడి ఉంది. సారెన్నని చూస్తూ కూడా నేను నాడె విసురుతూనే ఉన్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత మీలాంటి వాళ్ళు చాలామంది అడిగారు, అంతమంది ఉండి ఏం చేశారని. ఏమీ చెయ్యలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక పక్క, పని ఆపనివాళ్ళం మేం ఒక పక్క.

మాది చరిత్ర పార్కు. రెండు వందల ఏళ్ళ కిందట ఊరు ఎలా ఉండేదో అలాగే కట్టి, టికెట్ పెట్టి చూపిస్తారు. దొర కోట, దాని ముందు బజారు, బజారు చుట్టూ పాకలు. కుమ్మరి పాకలో కుండ చెయ్యడం నేర్పుతారు, కొలిమిలో మేకు కొట్టడం నేర్పుతారు, నా దగ్గర జానెడు గుడ్డ నెయ్యడం. అందరం కలిసి అరవై ముగ్గురం. పార్కు రాకముందు ఆ నేల మీద ఉన్నవి మా ఇళ్ళే. ఇళ్ళు కూల్చి, ఊరు పోయినవాళ్ళకి ఉద్యోగాలిస్తామన్నారు. తీరా చూస్తే ఉద్యోగమంటే మా తాతల వేషం. వాళ్ళు బతుకంతా పడ్డది మేం రోజుకి రెండు ఆటలు పడాలి.

గేటు దాటాక ఈ కాలం మాట నోట రాకూడదు. అది మొదటి రూలు. ఫోను ఉండకూడదు, గడియారం ఉండకూడదు, ఎవరేం అడిగినా ఆ కాలం మనిషిలాగే జవాబు చెప్పాలి. నోరు జారి 'బస్సు' అన్నందుకు గానుగ పెద్దమ్మని వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు.

బజారులో ఆట ఏమిటంటే, వెట్టికి రానన్న కుమ్మరిని దొర వంగబెట్టి, వీపు మీద రాయి పెట్టిస్తాడు. మొదట్లో ఆ రాయి థర్మోకోలుది, మీద రంగు. ఒకరోజు ఎవరి పిల్లాడో దాన్ని ఒంటి చేత్తో ఎత్తి నవ్వాడు. వాళ్ళ నాన్న వీడియో తీసి పెట్టాడు. చూసినవాళ్ళందరూ నవ్వారు. మేనేజరుకి తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండా నిజం రాయి వచ్చింది. ఐదు నిమిషాల శిక్ష పావుగంటయింది. తర్వాత, చూడవచ్చినవాళ్ళే తలో రాయీ పెట్టొచ్చన్నారు. దానికి వేరే టికెట్. 'అనుభవం' అని పేరు. ఎవరొస్తారులే అనుకున్నాం. క్యూ కట్టారు. చెడ్డవాళ్ళేం కాదు. మా పాకల్లో పిల్లల చేత థాంక్యూ చెప్పించి వెళ్ళేవాళ్ళే. రాయి పెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి, చేతులు దులుపుకుని పోయేవాళ్ళు.

సారెన్నకి యాభై రెండేళ్ళు. కుమ్మరి పాకలో సారె తిప్పుతాడు కాబట్టి ఆ పేరు. నాకు వరసకి అన్న. సాయంత్రం వీపుకి వదిన ఆముదం రాస్తుంటే, "కంపెనీకి గాడిద ఖర్చు మిగిలిందే, పైగా గాడిదైతే తన్నేది" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

ఆ రోజు నాలుగో రాయి పెట్టాక, "చాలు బాబయ్యా, కనికరించండి" అన్నాడు. అది ఆటలో మాటే. రోజూ అనేదే. జనం ముచ్చటపడ్డారు. మళ్ళీ అన్నాడు. ఈసారి ఇంకా బాగా అన్నాడనుకున్నారు. మనిషి నిజంగా బతిమాలుకుందామంటే అతనికి వేరే మాట మిగల్లేదు. నీళ్ళ కుండతో అటు వెళుతున్న వదిన అడుగుల చప్పుడు పోల్చుకుని, "ఏమే, నాకు కళ్ళు కనపడటం లేదే" అన్నాడు. అది ఆటలో లేదు. వదిన కుండ వదిలేసి పరిగెత్తింది. ఐదో రాయి పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి, తన వంతు అయ్యేదాకా కాస్త ఆగమ్మా అన్నాడు. ఆగలేదు సారెన్న. ముందుకి బోర్లా పడ్డాడు. రాళ్ళు అతని తల మీదుగా దొర్లాయి. బజారంతా చప్పట్లు.

వదిన డాక్టరు, డాక్టరు అని అరిచింది. ఎంత సహజంగా ఏడుస్తోందో అని ఒకావిడ మెచ్చుకుంది. ఆ కాలంలో డాక్టరనే మాటెక్కడిది, తప్పులో కాలేసింది చూడండి అని ఇంకొకాయన నవ్వాడు.

సారెన్నని వైద్యుడి పాకలోకి మోసుకుపోయారు. అక్కడుండేవి ఎండు వేళ్ళు, ఖాళీ సీసాలు. చూపించడానికే తప్ప దేనికీ పనికిరావు. అంబులెన్సు బజారులోకొస్తే చూసేవాళ్ళ మనసు పాడవుతుందని, ఐదింటికి జనం వెళ్ళాక వెనక గేటు నుంచి పంపుదామని మేనేజరు చెప్పాడు. వదినని రెండో ఆటకి నీళ్ళు మొయ్యమన్నాడు. మోసింది. మొయ్యకపోతే ఆ వెనక గేటు కూడా తియ్యరేమోనని భయమేసిందని తర్వాత నాతో అంది. ఆ పాక ముందునుంచి నాలుగుసార్లు కుండతో తిరిగింది. లోపలికి పోనివ్వలేదు. నాలుగోసారి వెళ్ళేటప్పుడు మూలుగు వినపడలేదట.

ఆరింటికి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఇంతసేపూ ఎక్కడ పెట్టుకున్నారని అడిగింది. పడ్డప్పుడే తెచ్చుంటే బతికే మనిషని చెప్పింది. 

మర్నాడు ఆటలు మామూలుగానే జరిగాయి, రాయి ఆట తప్ప. దాన్ని ఆదివారం దాకా ఆపారు. ఆ రోజు బజారులో ఉన్న గైడు అమ్మాయిని మేనేజరు పిలిచి, చనిపోయినాయనకి ముందునుంచీ గుండె జబ్బుందని రిపోర్టు రాసివ్వమన్నాడు. ఆ పిల్ల కాలేజీలో చరిత్ర చదువుతూ, చదువు ఖర్చులకి మా దగ్గర పనిచేసేది. కాగితం తీసుకుని తిన్నగా వదిన దగ్గరికొచ్చింది. వదినకి చదువు రాదు. తెల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసి, జరిగింది జరిగినట్టు రాయమ్మా అంది. ఆ పిల్ల అలాగే రాసింది. ఎన్ని రాళ్ళు, ఎంతసేపు, ఏమన్నాడు, ఎప్పుడు పడ్డాడు, ఎప్పుడు ఆసుపత్రికి పంపారు, అన్నీ. మేనేజరు చించేశాడు, మధ్యాహ్నానికల్లా ఉద్యోగం తీసేశాడు. కానీ ఆ పిల్ల రెండు కాపీలు రాసింది.

శుక్రవారం పొద్దున గోడకి కాగితం అంటించారు. ఆదివారం వంగాల్సింది కమ్మరి మావ.

ఆ మధ్యాహ్నం అన్నాలు తినే రేకుల షెడ్డులో అందరం కూడాం. గైడు అమ్మాయి వెనక గోడ దూకి వచ్చి తన కాగితం చదివింది. చదువుతున్నంతసేపూ ఎవరూ ముద్ద ఎత్తలేదు. తర్వాత మొదలైంది గొడవ. పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్నవాళ్ళ నోట్లో మన్ను కొట్టొద్దని గానుగ పెద్దమ్మ కొడుకు అన్నాడు. మనం మానేస్తే మన చోట నిలబడ్డానికి బయట వెయ్యిమంది ఉన్నారన్నాడు. అది అబద్ధం కాదు. చాలాసేపటికి అందరూ ఒక మాట మీదికొచ్చారు: పాత థర్మోకోలు రాయి పెట్టమని అర్జీ ఇద్దాం. నేనూ సరేనన్నాను.

కమ్మరి మావ కంచం పక్కకి నెట్టాడు. "తేలిక రాయి అడిగితే తేలిక రాయే ఇస్తారు" అన్నాడు. "మళ్ళీ ఎవడో నవ్వుతాడు. మళ్ళీ బరువెక్కుతుంది. నేను మాత్రం ఏ రాయికీ వంగను. మీ ఇష్టం."

ఆ మాట మీద షెడ్డు రెండుగా చీలింది. సగం మంది మావని తిట్టారు. నీకు పిల్లలు లేరు కాబట్టి ఎన్నయినా చెబుతావన్నారు. అంతలో గుమ్మంలో దొర వేషం కట్టేవాడు కనపడ్డాడు. కోటలో దొరే కానీ, బయట నా పక్క గదిలో అద్దెకుంటాడు. నాటకాలు ఆగిపోయి, కడుపు చేత పట్టుకుని వచ్చినవాడు. మావ లేచి అతని గొంతు పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు చెప్పులు తీశారు.

ఆపింది వదిన. చెప్పుకోనివ్వండి అంది.

తలపాగా కింద చెవిలో ఒక గొట్టం ఉంటుందని అతను చెప్పాడు. కోట మీద అద్దాల గదిలో కూర్చుని మేనేజరు చెప్పిందల్లా అందులో వినపడుతుందట. సారెన్న కాళ్ళు వణుకుతుంటే, ఆపేద్దామా అని అద్దాల గది వైపు రెండు చేతులూ ఊపాడట. క్యూలో ఇంకా పది మందున్నారు, ఆపితే నిన్ను పీకేస్తానని చెవిలో చెప్పాడట మేనేజరు.

"ఈ మాట నలుగురిలో చెబుతావా?" అని అడిగింది వదిన.

"నాకు ఇద్దరు ఆడపిల్లలమ్మా" అన్నాడు.

"నాకూ ఇద్దరే" అంది వదిన.

అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాత్రం అర్జీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం ఇసక వేస్తే రాలనంత జనం. శిక్ష చూడ్డానికి బజారు నిండింది. ఒక మనిషి పోయిన సంగతి వాళ్ళెవరికీ తెలీదు. మావని తీసుకొచ్చి నిలబెట్టారు. వంగమని దొర చెయ్యి చూపించాడు. మావ వంగలేదు. నిటారుగా నిలబడి జనం వైపు చూస్తున్నాడు. ఆటలో భాగమేననుకుని జనం ఈలలు వేశారు. దొర ఇంకో మాట అనాలి. అనలేదు. అతని మొహాన చెమట కారుతోంది.  అప్పుడు తలపాగా తీసి కింద పెట్టాడు. చెవిలో గొట్టం పీకి, దొర మాటలు జనానికి వినిపించడానికి మెడ దగ్గర దాచిన మైకుకి ఆనించి పట్టుకున్నాడు.

పార్కులో ఉన్న స్పీకర్లన్నిట్లోంచీ మేనేజరు గొంతు వచ్చింది.

"వంచవయ్యా వాణ్ణి, ఏం చూస్తున్నావ్? ఒకడు పోతే ఆట ఆపుతామా? వీడూ పడితే పడనీ, వైద్యుడి పాక ఉందిగా పడెయ్యడానికి. ముందు తలపాగా పెట్టుకో, వెధవా." తన గొంతు తనకే వినపడిందో ఏమో, అక్కడ ఆగిపోయాడు.

"బుధవారం ఇక్కడ పోయింది నిజం మనిషి" అన్నాడు దొర వేషం. "రాళ్ళు పెట్టించింది నేను. చెవిలో చెప్పింది ఈయన."

నేను నాడె కింద పెట్టాను. కొలిమి ఆగింది, గానుగ ఆగింది, సారెలు ఆగాయి. ఒక్కో పాకలోంచి మనుషులు వచ్చి బజారు మధ్య కూర్చున్నారు. గానుగ పెద్దమ్మ కొడుకు అందరికంటే ముందొచ్చాడు. జనంలో కొందరు టికెట్ వాపసు అడిగారు. పిల్లల ముందు ఈ రాజకీయాలేమిటని కోప్పడ్డారు. కొందరు గబగబా గేటు దారి పట్టారు. ఎక్కడినుంచో వచ్చిన కాలేజీ పిల్లలు ఓ ఇరవై మంది మాత్రం మా పక్కన చతికిలబడ్డారు. గేటు బయట కాచుకున్న గైడు అమ్మాయి లోపలికొచ్చి కాగితం పైకి చదివింది. వదిన వెళ్ళి సారెన్న పడ్డ చోట కూర్చుంది.

గంటలో పోలీసులు దిగారు. ఇంటికి పొమ్మని ఒక్కసారి చెప్పి లాఠీలు తీశారు. మావ కుడి చెయ్యి అడ్డం పెడితే మణికట్టు దగ్గర విరిగింది. సుత్తి పట్టే చెయ్యి అని చూసి మరీ ఇంకోటి వేశాడు ఒకడు. మావని, దొర వేషాన్ని, గైడు అమ్మాయిని జుట్టు పట్టి ఈడ్చుకుపోయి వ్యానెక్కించారు. మిగతావాళ్ళని గేటు బయటికి తోసి తాళం వేశారు. ఇల్లు పోయిన రోజున కూడా మమ్మల్ని ఇలాగే తోశారు. ఆ రోజు తలో దారీ పోయాం. ఈసారి ఎవరూ కదల్లేదు. గేటు ముందే తెల్లారింది.

ఎనిమిదింటికి ఒక బస్సు వచ్చింది. నిండా కొత్త మనుషులు. రాళ్ళు వేద్దామని మాలో కొందరు ఎగబడ్డారు. వదిన వెళ్ళి బస్సు ముందు నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు, ఇంజనుచేత రంకె వేయించాడు, బంపరు ఆమె మోకాళ్ళకి తగిలేదాకా తెచ్చాడు. కదల్లేదు. కిటికీలోంచి ఒక ముసలాయన తల బయటపెట్టి, ఏం తల్లీ, ఏమైందని అడిగాడు. ఎక్కడో మిల్లు మూసేస్తే పని పోయినవాళ్ళట. సినిమా షూటింగని చెప్పి తీసుకొచ్చారట.

"షూటింగు కాదు తాతా" అంది వదిన. "వంగబెట్టి వీపు మీద రాళ్ళు పెడతారు. నిజం రాళ్ళు. నా మొగుడు బుధవారం దాంట్లోనే పోయాడు. ఇంకో మనిషి వంగనంటే నిన్న చెయ్యి విరిచారు. ఇవాళ మిమ్మల్ని తెచ్చారు. మీకు ఆకలని నాకు తెలుసు. దిగమని నేను చెప్పను. ఇక్కడ చెప్పేవాళ్ళుండరు కాబట్టి చెబుతున్నా, అంతే."

ముసలాయన తల లోపలికి తీసుకున్నాడు. లోపల చాలాసేపు గుసగుసలు, ఒక ఆడమనిషి ఏడుపు, ఎవరో ఎవర్నో కసురుకోవడం వినపడ్డాయి. తర్వాత తలుపు తెరుచుకుంది. ముసలాయన గుంజ పట్టుకుని మెల్లగా దిగి, వదిన పక్కన నిలబడ్డాడు. అతని వెనక ఒక్కొక్కరే దిగారు. ఇద్దరు దిగలేదు. వాళ్ళని మేం ఏమీ అనలేదు.

పోలీసులు మళ్ళీ వచ్చి అందరినీ అరెస్టు చేస్తున్నామన్నారు. ఉన్నవి రెండు వ్యాన్లు. మేమూ, బస్సు దిగినవాళ్ళూ కలిసి వందకి పైనే. ఇన్‌స్పెక్టరు కాసేపు ఫోనులో ఎవరినో బతిమాలి, చివరికి నడవండి అన్నాడు. స్టేషను మూడు మైళ్ళు. నడిచాం.

దారిలో ఇటుక బట్టీ దగ్గర ఆడవాళ్ళు ఎవర్నిరా తీసుకెళుతున్నారని అడిగారు. చెప్పాం. నెత్తి మీది చుట్టకుదుళ్ళు దించి మా వెంట వచ్చారు. లారీలకి బస్తాలు ఎత్తేవాళ్ళు వచ్చారు. ఆసుపత్రి సందులోంచి ఊడ్చేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకామె ఆ సాయంత్రం సారెన్న మీద దుప్పటి కప్పిన మనిషట, వదిన చెయ్యి పట్టుకుని నడిచింది. మీరు అరెస్టు కాలేదు, వెళ్ళిపొండని పోలీసులు కసిరారు. వాళ్ళు వినిపించుకోలేదు.

స్టేషను గుమ్మంలో హెడ్డు కానిస్టేబులు మమ్మల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టి లోపలికి పంపడం మొదలుపెట్టాడు. నూట పది దాటాక లెక్క తప్పాడు. విసుక్కుని మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు. అప్పటికి జనం ఇంకా వీధి మలుపు తిరిగి వస్తూనే ఉన్నారు.