గడ్డి కింద పాటలు

గడ్డి కింద కాయ మగ్గుతున్న వాసన.

తలుపు మూసినా వస్తుంది. కొంగు అడ్డం పెట్టుకున్నా వస్తుంది. తియ్యగా, వెచ్చగా, కొంచెం పుల్లగా...

ఎనభై ఆరు వేసవి. ఆగిరిపల్లి దగ్గర మా మామిడితోట. ఇంట్లో ఇద్దరు కోడళ్ళం — పెద్దదాన్ని నేను, హైమవతిని. చిన్నది శకుంతల.

గ్రామఫోను నాది.

మా నాన్న ఇచ్చాడు, ఆరు రికార్డులతో. అటూ ఇటూ కలిపి పన్నెండు పాటలు. సాయంత్రం పనులయ్యాక ఆడవాళ్ళంతా మా వసారాలో చేరేవారు. కీ ఇచ్చేది నేను. ముల్లు పెట్టేది నేను. ఏ పాట ముందో, ఏది తర్వాతో — నా ఇష్టం. శకుంతల నా ఒళ్ళో తల పెట్టుకుని వినేది. పాట అయిపోతే కళ్ళు తెరవకుండానే అనేది —

"ఇంకొక్కటి, అక్కా."

ఆ ఒక్క మాట కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని. ఒప్పుకుంటున్నాను.

అంతలో శకుంతల వాళ్ళన్న మస్కట్ నుంచి వచ్చాడు. చెల్లెలికి అరచేతిలో పట్టే పెట్టె తెచ్చాడు. దానికో తీగ, తీగ చివర రెండు స్పాంజి బిళ్ళలు. చెవులకు తగిలించుకుంటే పాట ఆమె ఒక్కదానికే. పక్కన కూర్చున్నవాళ్ళకు ఏమీ లేదు.

వాక్‌మన్ అట. అబ్బో!

పెట్టయితే వచ్చింది గానీ పాటల్లేవు. ఉన్నదల్లా ఒక ఖాళీ క్యాసెట్.

"అక్కా, నీ పాటలు ఇందులోకి ఎక్కించుకోనా? నీకేం తరిగిపోవు కదా!"

తరిగిపోవట.

వద్దంటే చులకనైపోతాను. "దానికేం భాగ్యం, ఎక్కించుకో" అన్నాను. నవ్వాను కూడా.

హనుమాన్ జంక్షన్‌లో మైకు సెట్లు అద్దెకిచ్చే జోజిబాబు దగ్గర్నుంచి టేప్‌రికార్డర్ తెప్పించింది. మిట్టమధ్యాహ్నం. ఫ్యాను ఆపేశాం. గేదెను దూరంగా తోలి కట్టేశాం. గ్రామఫోను ముందు టేప్‌రికార్డర్ పెట్టి ఎర్ర బటన్ నొక్కాక, పాట అయ్యేదాకా ఎవరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చకూడదు. మా అత్తగారు బుజ్జమ్మగారు దగ్గొస్తే నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తారు.

కీ ఇచ్చింది నేనే. పన్నెండు పాటలకు పన్నెండుసార్లు.

నా చేత్తో నేనే... అన్నీ ధారపోశాను.

మర్నాటి నుంచి నా ఒళ్ళో తల లేదు. కాయలు తుడుస్తూ వింటుంది. బియ్యం ఏరుతూ వింటుంది. నేను పిలిస్తే — వినదు. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ. "మాకూ ఒక్కసారి పెట్టమ్మా, చెవిలో!" తోటలో కాయలు ఏరే రమణమ్మయితే చెవులు కడుక్కుని మరీ వచ్చింది.

నా వసారా ఖాళీ.

కడుపు మండింది. మండదూ?

చిన్నరసాలు మగ్గబెట్టే రోజు వచ్చింది. మా ఇంట్లో ఆ పని నాది. గదిలో గడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పాలి. ఒకసారి తలుపు మూశాక ఐదో రోజు దాకా తీయకూడదు — వేడి పోతే కాయ ముడతలు పడుతుంది. ఇంటికి చుట్టాలొచ్చినా తీయనివ్వరు మా అత్తగారు. తాళంచెవి ఆవిడ బొడ్లోనే.

క్యాసెట్ నా కొంగులో ఉంది.

పాడు చేయాలని కాదు. ఒట్టు. ఐదు రోజులు... ఐదంటే ఐదు రోజులు ఆ చెవులు ఖాళీగా ఉంటే, నా దగ్గరికే వస్తుంది కదా అని.

గడ్డి కింద పెట్టాను. పైన కాయలు పేర్చాను.

శకుంతల ఇల్లంతా వెతికింది. పరుపుల కింద, బియ్యం డబ్బా వెనక, చివరికి కోళ్ళగూట్లో కూడా. "నువ్వేమన్నా చూశావా అక్కా?" అని అడిగింది. "లేదే" అన్నాను. అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నాకూ ముద్ద దిగలేదు. తీసిచ్చేద్దామంటే తలుపు తీయరు. తీయమంటే ఎందుకో చెప్పాలి.

చెప్పలేదు.

వసారాలోకి కూడా రాలేదు ఆ పిల్ల.

ఐదో రోజు తలుపు తీశారు. వాసన గుప్పుమంది. అందరూ పండ్లు ఏరుతుంటే నా చెయ్యి గడ్డి కిందికి పోయింది... తడి. ఒక పండు మెత్తబడి చితికింది. రసమంతా క్యాసెట్‌లోకి దిగి బంకైపోయింది.

కడిగాను. తుడిచాను. ఎండలో ఆరబెట్టాను. ఎవరూ చూడకుండా బియ్యం డబ్బా వెనక పడేశాను.

మర్నాడు శకుంతలకు దొరికింది. వాక్‌మన్‌లో పెట్టింది. తిరగలేదు. బయటికి తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

ఆ గదిలో కాయలు పేర్చేది ఎవరో ఆమెకు తెలుసు.

తిట్టినా బావుండేది. జుట్టు పట్టుకున్నా బావుండేది.

ఆ సాయంత్రం వసారాలోకి వచ్చింది.

"గ్రామఫోను పెట్టక్కా."

కీ ఇచ్చాను. ముల్లు పెట్టాను. పాట మొదలైంది. వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది — ఎప్పటిలాగే, కళ్ళు మూసుకుని.

చెవులకు ఆ స్పాంజి బిళ్ళలు తగిలించుకుని.

పెట్టెలో ఏమీ తిరగడం లేదు. అందులో అసలు క్యాసెట్టే లేదు.

పాట అయిపోయింది. "ఇంకొక్కటి" అనలేదు. నేనే ఇంకోటి పెట్టాను. ఇంకోటి... ఇంకోటి... పన్నెండూ పెట్టాను.

తల నిమురుతూ కూర్చున్నాను. ఎన్నిసార్లు కడుక్కున్నా నా వేళ్ళ నిండా —

గడ్డి కింద కాయ మగ్గుతున్న వాసన.