చల్లారిన డబ్బా

పొద్దున్నే లేవగానే నాన్నమ్మ చేసే మొదటి పని, వంటింటి అలమరలోని రేకు డబ్బాకు ఆనించి వేళ్లు కాచుకోవడం. చనిపోయే ముందు రోజు కోడలు చేసిన డైజెస్టివ్ బిస్కెట్లు అందులో ఉన్నాయి. రెండేళ్లయినా ఓవెన్‌లోంచి తీసిన వేడి వాటికి తగ్గలేదు. బస్సు డ్రైవరైన కొడుకు తన సాక్సులు ఆ డబ్బా మీదే ఆరేసుకునేవాడు. మనవరాలు బడికెళ్తూ దాన్ని ఓసారి చెంపకు ఆనించుకునేది. తింటే అయిపోతాయని ఎవరూ ఒక్కటి కూడా ముట్టలేదు.

పది రోజుల క్రితం కొడుకుకు రెండో భార్యగా ఆ ఇంటికొచ్చిన పిన్నికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో గడియారం ఉందని ఎవరైనా పనిగట్టుకుని చెప్తారా?

పిల్ల పుట్టినరోజుకి పిన్ని కేకు చేయబోయింది. అడుగున పరచడానికి డైజెస్టివ్ బిస్కెట్లు కావాలి. దుకాణంలో ఉత్త తీపి బిస్కెట్లే దొరికాయి. వాటిలోనే గోధుమ పొట్టు, చిటికెడు ఉప్పు కలిపి సర్దేద్దామనుకుంటుండగా డబ్బా చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. కట్టుకున్నాయన తనకు సాయంగా చేసిపెట్టి డ్యూటీకి వెళ్లాడనుకుని, పాపం, ఎంత మురిసిపోయిందో! గుడ్డలో మూటగట్టి, పైన సీసా దొర్లించి పొడి చేసింది. కరిగిన వెన్న పోసి చేత్తో కలిపి, గిన్నె అడుగున గట్టిగా అదిమింది.

సాయంత్రం పిల్ల డబ్బాకు చెంప ఆనించింది. చల్లగా తగిలింది.

"ఇందులోవి ఏవి?"

"కేకు అడుగున వేశానమ్మా. నీకోసమే."

"అవి మా అమ్మ చేసినవి," అంది పిల్ల. అరవలేదు. ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని నేలమీద కూలబడింది. కేకు ఎవరూ కొయ్యలేదు.

మర్నాడు పిన్ని గోధుమపిండి, పొట్టు, వెన్న, ముడి చక్కెర, వంటసోడా కొలిచి మళ్లీ చేసింది. ఫోర్కుతో వరసగా చిల్లులు కూడా పొడిచింది. డబ్బా నింపితే గంటలో చల్లారిపోయాయి. పిల్ల మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది.

పిన్ని బట్టల పెట్టె సర్దుకుంది. "మీకు మిగిలిన ఆ కాస్తా నా చేతులతో నేనే లేకుండా చేశాను. నేనిక్కడ ఉండలేను అత్తయ్యా."

ఆపడానికి పిన్ని చెయ్యి పట్టుకున్న నాన్నమ్మ మరి వదల్లేదు. నిన్నటి నుంచి బిగుసుకుపోయిన తన వేళ్లు ఆ వెచ్చదనానికి ఒక్కొక్కటే సాగాయి.

"ఇలా రావే," అంది మనవరాలితో. "ఈ చెయ్యి చూడు."

పిల్ల బెరుగ్గా వచ్చి ముట్టుకుంది. తర్వాత చెంప ఆనించింది. అమ్మ పోయిననాడు కూడా ఏడవని పిల్ల, ఆ అరచేతిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పిన్ని ఆ చెయ్యి కదపకుండా, రెండో చేతిలోని పెట్టెను మెల్లగా కింద పెట్టింది.