లప్పం కింద చప్పుడు

గుయావ్ రేవులో సెయింట్ పీటర్ పండుగకు ఇంక రెండు రోజులే ఉన్నాయి. పండుగనాడు ఫాదర్ ఒడ్డు పొడవునా నడిచి, తయారైన ప్రతి పడవ మీదా పవిత్రజలం చల్లుతాడు. ఆ చుక్క పడని కొత్త పడవలో మళ్ళీ ఏడాది దాకా ఎవరూ వేటకు ఎక్కరు. హెజ్రాన్ పెరట్లో బోర్లించి ఉన్న పడవకు ఆ చుక్క పడాలి. పడకపోతే కర్లాన్ ఏడాదంతా పరాయి పడవల్లో కూలికి పోవాల్సిందే.

కర్లాన్ హెజ్రాన్ తమ్ముడి కొడుకు, ముప్ఫై ఏళ్ళవాడు. తమ్ముడు ఆల్బన్‌నీ, అన్నదమ్ముల పాత పడవనీ ఫిబ్రవరిలో సముద్రం ఒకేసారి తీసుకుంది. ఆ రోజు హెజ్రాన్ మోకాలి నొప్పితో ఇంట్లో ఉండిపోయాడు.

హెజ్రాన్, కర్లాన్ కలిసి పొడవాటి పలచని చెక్కకు ఉప్పుకాగితం అంటించి, చెరో చివరా పట్టుకుని పడవ పొట్ట మీద ఏటవాలుగా తోస్తున్నారు. మిట్టలు అరిగిపోతాయి. పల్లాల్లో లప్పం పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ తొయ్యాలి. మూడు వారాలుగా ఇదే పని. చెక్క మీద అంటించిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ నలుసులు గుచ్చుకుని మోచేతుల దాకా ఒకటే దురద.

"ఇంక చాల్లే పెదనాన్నా. నీ గడ్డం కంటే ఇదే నున్నగుంది."

"కళ్ళతో చూసి చెప్పకు. కళ్ళు మూసుకుని తడుము."

కర్లాన్ కళ్ళు మూసుకుని పడవ ముక్కు నుంచి వెనక దాకా అరచేత్తో తడుముకుంటూ నడిచాడు. "ఎక్కడా తగల్లేదు. రంగేసుకోవడమే."

హెజ్రాన్ వంగి వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు. ఠక్కు, ఠక్కు. అడుగు దూలం పక్కన ఒకచోట చప్పుడు బోలుగా మారింది, పండిన సీమపనసను తట్టినట్టు. జానెడు అవతల కొట్టాడు. అక్కడా అంతే.

"ఏంటి?" అన్నాడు కర్లాన్.

"ఏం లేదు."

"నువ్వు ఏం లేదన్నావంటే ఏదో ఉన్నట్టే."

అప్పుడే కర్లాన్ తల్లి మెర్లీన్ నల్లబట్టల్లో కంచం పట్టుకుని వచ్చింది. కాల్చిన సీమపనస, ఉప్పుచేప. పడవను చూసి ఆగిపోయింది. "ఆయనుంటే దీన్నే చూస్తూ రెండు రోజులు అన్నం మర్చిపోయేవాడు బావగారూ."

హెజ్రాన్ తలెత్తలేదు. ఆ ఇంట్లో కట్టే ప్రతి పడవకూ ఒక ఆచారం ఉంది. చెక్కను మూసేముందు ఇంటి ఆడది సొరబుర్రలో సముద్రపు నీళ్ళు తెచ్చి, సముద్రం తీసుకున్నవాడి పేరు తలచి అడుగు దూలం మీద పొయ్యాలి. తండ్రి కాలంలో అన్నీ పలకల పడవలే. ఆ నీటికి పలకలు ఉబ్బి, అతుకులు బిగుసుకునేవి. ఇది ప్లైవుడ్డు, పైన ఫైబర్‌గ్లాస్ గాజుగుడ్డ, దాన్ని అంటించే రెసిన్. ఉప్పు పట్టిన చెక్కకు రెసిన్ అంటదని హెజ్రాన్‌కు తెలుసు. కానీ మెర్లీన్ సొరబుర్ర ఎత్తి "ఆల్బన్" అన్నప్పుడు వద్దనడానికి నోరు రాలేదు. మర్నాడు ఎండకు చెక్క తెల్లగా ఆరినట్టే కనిపించింది. గుడ్డ పరిచేశారు.

హెజ్రాన్ ఉలి తీశాడు.

కర్లాన్ మణికట్టు పట్టుకున్నాడు. "పండుగ ఎల్లుండి."

"తెలుసు."

"మూడు వారాలు అరగదీశాం పెదనాన్నా. పైకి ఏం కనిపించట్లేదు కదా. ఈ ఏడాదికి నడవనియ్."

"చెయ్యి తియ్యరా."

ఉలి మొన దిగగానే గాజుగుడ్డ మానని పుండు మీది పెచ్చులా లేచి వచ్చింది. లాగుతుంటే బారెడు పొడవు వచ్చింది. కింద చెక్క నల్లగా, చెమ్మగా ఉంది. హెజ్రాన్ వేలితో రాసి నాలుకకు తాకించుకున్నాడు.

"నేను పోసిన నీళ్ళేనా?" అంది మెర్లీన్.

"పొయ్యనిచ్చింది నేను."

ఆమె కంచం పట్టుకునే నిలబడింది. ఊడొచ్చిన గుడ్డను చూస్తూ అడిగింది. "పాత పడవని కూడా ఇలాగే కొట్టి చూశారా?"

హెజ్రాన్ ఉలి కింద పెట్టాడు. జనవరిలో పాత పడవ కుడిపక్క మెత్తబడ్డ చోట తనే లప్పం పూసి, రంగేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి కూడా.

"చూశాను."

"ఎలా మోగింది?"

"ఇలాగే."

మెర్లీన్ కంచం మీద గుడ్డ కప్పి, దాన్ని తీసుకునే వెళ్ళిపోయింది. కర్లాన్ ఉప్పుకాగితం చెక్కను గోడకు ఆనించాడు. జాగ్రత్తగానే ఆనించాడు. తర్వాత అతనూ తల్లి వెనకే వెళ్ళాడు.

పండుగనాడు రేవులో బాజాలు మోగాయి. ఫాదర్ పెరటి కంచె దగ్గర ఆగి, సగం తోలు వలిచిన జంతువులా ఉన్న పడవను చూశాడు. హెజ్రాన్ తల అడ్డంగా ఊపాడు. ఫాదర్ ముందుకు సాగిపోయాడు. జనంలో కర్లాన్ వేరేవాళ్ళ పడవ పక్కన, తెడ్డు పట్టుకుని కనిపించాడు.

ఆ రెండు రోజులూ కంచం రాలేదు. హెజ్రాన్ వీధి కుళాయి నుంచి మంచినీళ్ళు మోసి, బయటపడ్డ చెక్కను కడుగుతూనే ఉన్నాడు. మోకాలు వాచింది. పండుగ సాయంత్రం ఎనిమిదో బకెట్ పోశాక వేలితో చెక్కను రాసి నాలుకకు తాకించుకున్నాడు.

ఇంకా ఉప్పగానే ఉంది. ఖాళీ బకెట్ తీసుకుని కుళాయి వైపు నడిచాడు.