మూడో లైనరు

గంగారత్నం తన అంబాసిడర్ వెనకసీటు తీయించి ముప్పై ఏళ్లయింది. ఆ ఖాళీలో కొల్లేటి చేపలు ఐసు కప్పుకుని కైకలూరు నుంచి బెజవాడ దాకా ప్రయాణం చేసేవి. నడిపేది ఆమే.

ఈ వేసవిలో కారు నీలంరంగు పొగ వదలడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డంతా మబ్బు పట్టినట్టుండేది. బెజవాడ ఆటోనగర్‌లో చూపిస్తే అందరూ ఒకే మాటన్నారు, పాత ఇనుం కింద అమ్మెయ్యమని. ఎలీషా ఒక్కడే ఇంజన్ విప్పించి, బ్లాకులో పిస్టన్లు ఆడే నాలుగు రంధ్రాల్లోనూ వేలు పెట్టి తడిమి చూశాడు.

"గోడలు అరిగిపోయాయమ్మా. ఇదివరకే చాలాసార్లు బోరు కొట్టి రంధ్రాలు వెడల్పు చేశారు, ఇంక కొట్టడానికి లేదు. లైనర్లు వేద్దాం" అన్నాడు.

"అంటే ఏంటండీ?"

"రంధ్రానికో కొత్త ఇనపగొట్టం. అది రంధ్రం కన్నా వెంట్రుకవాసి లావుంటుంది."

"లావుంటే ఎలా దిగుతుందండీ?"

ఎలీషా నవ్వాడు. "చల్లబడితే ఇనుం ముడుచుకుంటుంది, కాగితే సాగుతుంది. గొట్టాన్ని చల్లార్చి, బ్లాకుని కాచి, ఆ సంగతి రెండిటికీ తెలిసేలోపల దించెయ్యాలి. ప్రెస్సు మిషన్ మీద నొక్కి దించేవాళ్లున్నారు. నేను మాత్రం ఎప్పుడూ చేత్తోనే దించాను." కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. డెబ్బై దాటిన ఆయనకి కిందటేడు పక్షవాతం తగిలింది. "ఇప్పుడీ చెయ్యి మాట వినట్లేదు."

"నా చేతులున్నాయి కదండీ" అంది గంగారత్నం. "పుట్టిన కాడ్నించీ ఐసులోనే ఉన్నాయి."

మర్నాడు ఆమె చేపలపెట్టె నిండా పొడిగా కొట్టిన ఐసు తెచ్చింది. తడి తగలకుండా లైనర్లని పాలిథిన్ కవర్లలో చుట్టి, ఐసులో ఉప్పు కలిపి పూడ్చిపెట్టారు. పక్కనే పొయ్యి మీద బ్లాకు కాగుతోంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నపు ఎండ జల్లెడ పట్టినట్టు పడుతోంది. పెట్టె మూత తీయగానే తెల్లటి ఆవిరి లేచి, పొయ్యి సెగలో కలిసి, నేల మీద మెల్లగా పాకింది. తను ఎక్కడ నిలబడిందో గంగారత్నానికి కాసేపు తెలియలేదు.

"చేతి తొడుగులేసుకోండమ్మా. నిటారుగా పట్టుకుని, వదిలెయ్యండి. భయపడకండి."

మొదటి లైనరు చేతిలోంచి చేపపిల్లలా జారింది. రంధ్రం అడుగునున్న మెట్టు మీద కూర్చుని ఠంగుమంది. ఆ మోత షెడ్డంతా తిరిగి, ఎక్కడో రేకుల్లో అణిగిపోయింది. రెండోదీ అంతే.

మూడో రంధ్రంలోకి వంగి చూసినప్పుడు అడుగున వెలుతురు కదిలింది. తెల్లారగట్ల కొల్లేటి నీళ్లు అలాగే కదులుతాయి. నాన్న దోనె ముందుభాగంలో కూర్చుని, నీళ్లలో చెయ్యి ముంచి, వేళ్ల సందుల్లోంచి పోయే చల్లదనాన్ని లెక్కపెట్టిన చిన్నపిల్ల ఆమెకి కనబడింది. ఆ పిల్ల తలెత్తి తనవైపు చూసింది.

లైనరు ఓ పక్కకి ఒరిగింది. సగం దిగి బిగుసుకుపోయింది.

గంగారత్నం ఉలిక్కిపడి సుత్తి అందుకుంది.

"సుత్తొద్దు!" ఎలీషా అరిచాడు. "బ్లాకు పగులుద్ది."

ఆమె సుత్తి కింద పెట్టేసింది. ఇనుము మీద చెమ్మ ముత్యాల్లా పూసి ఆరిపోతోంది.

"నా తప్పేనండీ" అందామె. "ఎక్కడికో వెళ్లిపోయాను."

"నేనూ వెళ్లేవాణ్ణే. అప్పుడు చెయ్యి తనపని తను చేసుకుపోయేది." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇంక దాన్ని లోపలే కోసి తియ్యాలి. బ్లాకు మిగిలితే అదృష్టం."

గంగారత్నం ఇరుక్కున్న గొట్టంలోకి తొంగిచూసింది. తర్వాత చేపలు కట్టే కవరొకటి తీసి, గుప్పెళ్లతో ఐసూ ఉప్పూ నింపి, మూతి బిగించి, మెల్లగా లైనరు బోలులోకి దించింది.

"ఎలీషా గారూ, ఇది లోపల్నించి చల్లారుతుంది. మీరు బయట చుట్టూతా మంట చూపించండి."

ఆయన కుర్చీలోంచి లేచాడు. బ్లోలాంపు వెలిగించి ఎడంచేత్తో పట్టుకున్నాడు. నీలిమంట బ్లాకు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. గంగారత్నం లైనరు అంచు మీద చెక్కముక్క అడ్డం పెట్టి, రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకోకుండా నిలబడింది.

ఎంతసేపో తెలియదు. చేతుల కింద ఏదో నిట్టూర్చినట్టయింది. ఒరిగిన గొట్టం నిటారుగా సర్దుకుని, ఒక్క ఊపున దిగి, మోగింది.

"యాభై ఏళ్లలో ఇలాంటిది చూళ్లేదమ్మా" అన్నాడు ఎలీషా. ఆయన కళ్లు తడిశాయి. "నాలుగోది కూడా కానిచ్చెయ్యండి, ఐసు కరిగిపోద్ది."

లైనర్లని పిస్టన్ల కొలతకి బోరు కొట్టించి, నునుపు చేయించి, ఇంజన్ బిగించేసరికి పది రోజులు పట్టింది. స్టార్ట్ చేసినరోజు ఎలీషా బానెట్టు మీద చెవి ఆనించి విన్నాడు. పొగ లేదు.

"వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దు" అన్నాడు. "బరువెయ్యొద్దు. కొత్త గోడలకి పిస్టన్లు అలవాటు పడాలి."

గంగారత్నం ఖాళీ కారుతో బందరు కాలవ పక్కనే కైకలూరు బయల్దేరింది. ఇన్నేళ్లూ చేపలు పాడైపోతాయన్న కంగారులో ఈ రోడ్డుని పరుగుమీదే దాటింది. ఆటోలూ, చివరికి ఓ ట్రాక్టరూ ఆమెని దాటి వెళ్లాయి. కంకిపాడు దాటాక, కాలవ అవతలిగట్టున చీరలు ఆరేస్తున్న ఒకావిడ ఈ నిదానపు కారుని చూసి, ఎవరో తెలిసినవాళ్లనుకుని చెయ్యి ఊపింది. గంగారత్నం కూడా అద్దం దించి చెయ్యి ఊపింది.