ఎర్రదీపం వెలిగితే సబ్బుపెట్టె

నేను ఒక పిన్‌బాల్ యంత్రాన్ని. పేరు వినగానే మీలో సగం మంది తెల్లమొహం వేసి ఉంటారు. ఫరవాలేదు, నాకు అలవాటే. నాలుగు కాళ్ల మీద కాస్త ఏటవాలుగా నిలబడ్డ పెట్టె, పైన గాజుపలక, దాని కింద పరుగెత్తే ఇనప గుండు, తల దగ్గర దీపాలు వెలిగే బొమ్మల అద్దం. ఇదీ నా వాలకం. స్ప్రింగు పిడి లాగి వదిలితే గుండు పైకి పోయి, గంటలు మోగిస్తూ, దీపాలు వెలిగిస్తూ కిందికి జారుతుంది. పక్కనున్న బటన్లు నొక్కితే అడుగున రెండు చిన్న రెక్కలు లేచి దాన్ని మళ్లీ పైకి తంతాయి. తప్పిందా, గుండు గుంటలో పడుతుంది. ఇంతమాత్రం దానికే మనుషులు ఊపిరి బిగబట్టి చూస్తారు.

మా వంశం గొప్పదే. మా ముత్తాతలు ఫ్రాన్సు దొరల ఇళ్లలో ఉండేవారట. మేకులు దిగ్గొట్టిన బల్ల మీద దొరలు కర్రతో బంతిని పొడిచేవారు. కర్ర పట్టుకోవడం కూడా శ్రమ అనిపించిందో ఏమో, తరవాత ఎవరో స్ప్రింగు పిడి కనిపెట్టారు. ఆ తరవాత అమెరికాలో మాకు నోరు పెట్టి నాణేలు మింగడం నేర్పారు. అప్పటికింకా రెక్కలు లేవు. గుండు ఎటు జారితే అటే. చేతిలో ఏమీ లేనప్పుడు మనిషి ఊరుకుంటాడా? బల్లని కుదిపేవాడు, ఎత్తి పక్కకి వంచేవాడు. అలాంటి పెద్దమనుషుల కోసమే మా కడుపులో ఒక ఇనప కడియం పెట్టి, దాని మధ్యన లోలకం వేలాడదీశారు. పెట్టె గట్టిగా కదిలితే లోలకం కడియానికి తగులుతుంది. దీపాలన్నీ ఆరిపోయి, 'టిల్ట్' అనే ఇంగ్లీషు మాట ఒక్కటే ఎర్రగా వెలుగుతుంది. నువ్వు తొండి చేశావు, నీ ఆట చెల్లదు అని దాని అర్థం.

ఆ లోలకమే నా అంతరాత్మ అనుకోండి. ఇంత నిజాయితీ కడుపులో పెట్టుకున్నా మమ్మల్ని జూదమనే అన్నారు. అమెరికాలోనే ఒక మహానగరంలో పోలీసులు మా పెద్దల్ని సమ్మెటలతో పగలగొట్టారు. రెక్కలొచ్చి ఇది చేతి నేర్పు ఆట అయ్యాక కూడా ఆ నింద చాలా ఏళ్లు పోలేదు. అందుకే సమ్మెట అంటే మాకు పుట్టుకతోనే భయం.

నేను పుట్టింది షికాగోలో, రెక్కలొచ్చిన తరంలో. నా అద్దం మీద ఉయ్యాల ఊగే సర్కస్ అమ్మాయి బొమ్మ వేశారు. ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, రేవు దగ్గర నావికుల క్లబ్బులో చాలాకాలం గడిపాను. ఎన్ని దేశాల తిట్లు నేర్చుకున్నానో లెక్కలేదు. క్లబ్బు మూతపడ్డాక వేలంలో నన్ను కొన్నవాడు నూకరాజు. విజయనగరం, శ్రీకాకుళం వైపు తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, రింగులు విసిరే ఆట నడుపుకునే మనిషి. కరెంటు పని కూడా వచ్చు. మీ కరెంటు నా ఒంటికి పడదని గ్రహించి ఓ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించాడు. నాణేల నోరు పీకేసి స్విచ్చి పెట్టాడు. అన్నీ తెలిశాయి గాని, ఆట ఎలా ఆడాలో మాత్రం తెలియలేదు. ఇంగ్లీషు ఆయనకీ రాదు, ఆయన భార్య రాములమ్మకీ రాదు.

వాకిట్లో నన్ను నిలబెట్టి ఇద్దరూ గుండు వదిలి చూశారు. టింగుటింగుమన్నాను. అంకెలు గిర్రున తిరిగాయి. వాళ్లకేమీ బోధపడలేదు. ఇంతలో నీళ్ల బిందెతో పోతున్న రాములమ్మ నడుము నాకు గట్టిగా తగిలింది. దీపాలన్నీ ఆరి, ఎర్రదీపం వెలిగింది.

"ఒలే రాములూ! ఎలిగిందే!" అని గంతేశాడు నూకరాజు. "ఇన్ని దీపాలూ ఆరిపోయి అదొక్కటే ఎలిగిందంటే, అదే అసలైన గెలుపు."

ఆలోచిస్తే ఆ తర్కంలో తప్పేముంది? ఒక్క దీపం కోసం మిగిలినవన్నీ తలొంచాయంటే అదే పెద్ద దీపం అనుకోరూ?

అలా ఊరూరా తీర్థాల్లో నా కొత్త జీవితం మొదలైంది. ఆటకి డబ్బు కట్టాలి, ఎర్రదీపం వెలిగించినవాడికి ప్లాస్టిక్ సబ్బుపెట్టె బహుమతి. నన్ను కన్నవాళ్లు ఏ పనికి శిక్ష వేయమన్నారో, ఆ పనికే ఇక్కడ చప్పట్లు, ఈలలు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాను. అయితే వాళ్ల నియమం విన్నాక మాత్రం నవ్వొచ్చింది. ఒక్క చేత్తోనే, ఒక్క దెబ్బే కొట్టాలి. రెండు చేతులు వేస్తే చెల్లదు. ఒకసారి ఒక మోతుబరి ఎవరూ చూడలేదనుకుని రెండో చెయ్యి కలిపాడు.

"రెండు సేతులు ఏసినావు బాబూ. తొండి సెల్లదు," అంది రాములమ్మ, సబ్బుపెట్టె వెనక్కి లాక్కుంటూ. తొండిలో తొండి పట్టిన మనిషిని నేను ఆవిడనొక్కర్తినే చూశాను.

ఆవిడకి నా మీద ఇంకో అధికారం కూడా ఉండేది. అద్దం మీది అమ్మాయి గౌను మోకాళ్ల పైనే ఆగిపోవడం చూడలేక, ఆకుపచ్చ పెయింటుతో పాదాల దాకా పొడిగించేసింది. పరికిణీ కట్టుకుని ఉయ్యాల ఊగే సర్కస్ పిల్లని నేను తప్ప ఇంకెవరూ మోసి ఉండరు.

ఒక తీర్థంలో ఎస్సై వచ్చి, ఇది జూదం అన్నాడు. నన్నూ, సబ్బుపెట్టెల సంచినీ ట్రాక్టరు మీద పడేసి తీసుకుపోయాడు. నేరం రుజువైతే యంత్రాన్ని పగలగొట్టించేస్తారని స్టేషన్లో అనుకుంటుంటే నా స్ప్రింగులు బిగుసుకుపోయాయి. వాళ్ల బతుకు ఆధారం అప్పటికి నేనే. రింగుల ఆటకి జనం ఎప్పుడో తగ్గిపోయారు.

విచారణ నాడు సబ్బుపెట్టెల సంచిని బల్ల మీద పెట్టి, నన్ను కోర్టు హాల్లోనే నిలబెట్టి కరెంటు ఇచ్చారు. మెజిస్ట్రేటు సుందరశివరావు గారు కళ్లజోడు సర్దుకుని చూశారు. ఇది అదృష్టం మీద నడిచే ఆట, కాబట్టి జూదమే అన్నాడు ప్రభుత్వ వకీలు.

"అదృష్టం ఏటి బాబూ? తమరు ఎప్పుడు ఎలిగించమంటే అప్పుడు ఎలిగిస్తాను," అన్నాడు నూకరాజు. గుండు వదిలి, అరచేత్తో నా పక్కన ఒక్కటిచ్చాడు. ఎర్రదీపం వెలిగింది. మళ్లీ వెలిగించమన్నారు, మళ్లీ వెలిగించాడు.

మెజిస్ట్రేటు గారు నవ్వాపుకోలేకపోయారు. "ఆ దీపం మీది మాటకి అర్థం తెలుసా నీకు? నువ్వు మోసం చేశావని యంత్రం చెబుతోందయ్యా."

హాలంతా గొల్లుమంది. నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్లూ మోసానికి బహుమతులు పంచానా అన్నట్టు నా వైపు చూశాడు. నాకు నోరుంటే ఆ క్షణాన అబద్ధమైనా ఆడేదాన్ని.

వెనక నుంచి రాములమ్మ లేచింది. "బాబుగారూ, ఆ డబ్బా ఏటి సెప్తాదో మాకు తెల్దు. దీపం ఎలిగితే సబ్బుపెట్టి అని మేం సెప్పినాం. ఎలిగించినోళ్లకల్లా ఇచ్చినాం. సెప్పిన మాట సెప్పినట్టు సేస్తే, మోసం ఎక్కడుంది బాబూ?"

మెజిస్ట్రేటు గారు అసలు ఆట ఎలా ఉంటుందో చూపిస్తానంటూ లేచి వచ్చారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆడారట. పిడి లాగారు. గుండు రెక్కల మధ్య నుంచి హాయిగా గుంటలోకి జారింది. రెండోదీ అంతే. మూడోది కూడా జారిపోతుంటే ఒళ్లు మండి నన్ను ఒక్కటి చరిచారు.

ఎర్రదీపం వెలిగింది.

రాములమ్మ చెయ్యి అలవాటు చొప్పున బల్ల మీది సంచిలోకి పోయింది. "బాబుగారికి సబ్బుపెట్టి!" అని నీలంరంగుది తీసి ఆయన ముందు పెట్టింది. ఈసారి నవ్వినవాళ్లలో మెజిస్ట్రేటు గారే మొదటివారు.

చెయ్యి తిరిగినవాడికి నేర్పుతో వెలిగింది, తిరగనివాడికి కోపంతో వెలిగింది, అదృష్టం ఎక్కడా కనబడలేదు కాబట్టి ఇది జూదం కాదు అని ఆయన తీర్పు చెప్పి నన్ను వదిలేశారు. ఆయన లోపలికి వెళ్లాక చూస్తే నీలం సబ్బుపెట్టె బల్ల మీద లేదు. నేను ఎవరి మీదా నేరం మోపను.

ఆ తరవాత తీర్థంలో మొదటి దీపం వెలిగినప్పుడు నూకరాజు ఒక్క క్షణం తటపటాయించాడు. అర్థం తెలిసిపోయింది కదా. రాములమ్మ ఆయన వైపు చూసి, సబ్బుపెట్టె అందించింది. ఆయన ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి నా లోలకానికీ సిగ్గు పోయింది.

కాలం మారింది. టీవీ ఆటలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. నూకరాజు పోయాడు. రాములమ్మ నన్ను విశాఖపట్నంలో కాఫీ హోటలు పెట్టిన భార్గవ్ అనే కుర్రాడికి అమ్మేసింది. అతను నన్ను పాత రూపానికి తెస్తానని ఆకుపచ్చ పెయింటంతా గీకించాడు. ప్రారంభం నాడు మర్యాదగా ఆవిడని పిలిచాడు. ఆవిడ రాగానే నా అద్దం చూసింది.

"అయ్యో, గౌను మళ్లీ కురస సేసేసినారేటి బాబూ!"

మొదటి ఆట ఆవిడ చేతే ఆడించారు. గుండు వదిలింది. ముసలి అరచెయ్యి నా పక్కన ఒక్కసారి పడింది. ఎన్నాళ్లకి తగిలింది ఆ దెబ్బ! నా ఒళ్లంతా పొంగిపోయింది. దీపాలన్నీ ఆరి, ఎర్రదీపం వెలిగింది. "అయ్యో, టిల్ట్! ఆట పోయింది మామ్మగారూ," అన్నారు చుట్టూ ఉన్న పిల్లలు జాలిగా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆవిడ ఆ ఎర్రటి వెలుగు వంకే కాసేపు చూసింది. ఆ చూపు ఎవరి కోసమో నాకొక్కదానికే తెలుసు. తరవాత భార్గవ్ వైపు తిరిగి, నిమ్మళంగా చెయ్యి చాపింది.

అతను తెల్లబోయాడు. అటూ ఇటూ చూసి, ఏం తోచక, కౌంటరు మీది పింగాణీ కప్పు ఒకటి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని సంచిలో వేసుకుంది.

"ఒక్క సెయ్యే ఏసినాను. సూసినావు గదా బాబూ," అంది.