ప్రొఫెసరు గారి ఆరోగ్యవంతమైన రక్తం

ప్రొఫెసరు గారికి తన రక్తం మీద ఉన్న గౌరవం తన మాట మీద కూడా లేదు. సిగరెట్టు ముట్టి ఎరగడు. పొద్దున్నే చొక్కా తడిసేదాకా నడుస్తాడు. రెండంతస్తులకే లిఫ్టు ఎక్కేవాళ్ళను చూసి పైకే జాలిపడతాడు. ఊపిరితిత్తుల కేన్సర్‌ను దగ్గు మొదలుకాకముందే కాస్త రక్తంతో పసిగట్టాలన్నది ఆయన పట్టుదల, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ చేస్తున్నది అదొక్కటే పని. కణితి పెరిగేటప్పుడు రక్తంలోకి కొన్ని అణువులను వదులుతుంది. ఆ జాడలకే మార్కర్లని పేరు. ఆయన భార్య, బడిలో లెక్కల టీచరు, వాటిని ఆయన తరఫు బంధువుల కింద జమకట్టేసింది. "ఇవాళైనా మీ చుట్టాలు కనబడ్డారా?" అని అడిగేది, ఆయన ఇంటికి రాగానే.

మార్కరు ఎంత ఉందో చెప్పాలంటే దేనితోనో పోల్చాలి. ఆరోగ్యవంతుడి రక్తంలో కన్నా రోగి రక్తంలో ఎన్ని రెట్లు ఉందన్నదే లెక్క. ల్యాబ్ పెట్టిన కొత్తలో సూది అనగానే ఆరోగ్యవంతులందరికీ పనులు గుర్తొచ్చేవి. దాంతో ప్రొఫెసరే చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాకన్నా ఆరోగ్యవంతుడు ఎవడున్నాడు, తీయండి" అన్నాడు. అది ఆ ల్యాబ్‌లో ఆచారమైపోయింది. కొత్త విడత నమూనాలు వచ్చినప్పుడల్లా ఆయన రక్తం తాజాగా తీస్తారు, దాన్ని ఒకటి అనుకుని మిగతా ప్రపంచాన్ని కొలుస్తారు. ఇదే పని విద్యార్థులెవరైనా చేసి ఉంటే ఒక్క మనిషిని కొలబద్ద చేస్తావా అని చెడామడా తిట్టేవాడే. సొంత రక్తం దగ్గరికొచ్చేసరికి శాస్త్రం కాస్త పక్కకు జరిగి ఆయనకు దారిచ్చింది.

మొదట్లో ఫలితాలు అదిరిపోయాయి. రోగుల అంకెలు నిటారుగా లేచి నిలబడేవి. ప్రొఫెసరు ఆ బొమ్మలను సభల్లో తెర మీద వేసి బోలెడు చప్పట్లు కొట్టించుకున్నాడు. ఏడాదిగా మాత్రం పరీక్షకు ఏదో తెగులు పట్టుకుంది. రోగుల అంకెలు నెలనెలా కుంగుతూ వచ్చాయి. వార్డులో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న మనిషి రక్తం కూడా 'నాకేం, బాగానే ఉన్నాను' అంటోంది.

ఆయన రసాయనాలు పంపేవాళ్ళను ఫోనులో తిట్టాడు. ఫ్రిజ్ మార్పించాడు. మిషను బాగుచేసే మనిషిని మళ్ళీ మళ్ళీ పిలిపించి, ఏ లోపమూ లేదన్నందుకు అతన్నీ తిట్టాడు. చివరికి, "ఈమధ్య రోగులు కూడా నాసిరకంవాళ్ళే వస్తున్నారు" అనేశాడు. అన్నాక తనకే సిగ్గేసింది గానీ, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ల్యాబ్‌లో ఆయన తర్వాత పెద్ద సైంటిస్టు ఒకావిడ. ప్రతిదానికీ 'ఎందుకండీ' అని అడుగుతుందని ఆవిడకు అదే పేరు ఖాయమైపోయింది. ఆయన ఏదో సదస్సుకు వెళ్ళి, పనిచేయని పరీక్ష గురించి పనిచేస్తున్నట్టే ఉపన్యాసం దంచుతున్న రోజుల్లో కొత్త విడత నమూనాలు వచ్చిపడ్డాయి. ఆయన రక్తం అందుబాటులో లేదు కాబట్టి ఎందుకండీ తన రక్తమే పెట్టి పని కానిచ్చింది.

తిరిగొచ్చిన ప్రొఫెసరు కంప్యూటర్ తెర చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోగుల అంకెలు మళ్ళీ పూర్వంలా లేచి ఉన్నాయి.

"ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదండీ. మీరు లేరని నా రక్తం పెట్టాను, అంతే."

"అదీ సంగతి! మీ రక్తంలో మార్కరు మరీ తక్కువున్నట్టుంది. అందుకే వీళ్ళంతా ఎక్కువగా కనిపిస్తున్నారు. ఎందుకైనా మంచిది, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి."

మార్కరు తక్కువైతే వచ్చే జబ్బేమిటో ఆయనకూ తెలియదు. ఆవిడ మాత్రం ఎన్నడూ లేనిది ఎందుకని అడగలేదు. నేల చూపులు చూస్తూ, "ఇంకొందరివి కూడా తీసి చూద్దామండీ" అంది.

తీశారు. పక్క గది పాథాలజిస్టుది, అకౌంట్సు చూసే పెద్దాయనది, మొగుడు మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికొచ్చి దొరికిపోయిన లెక్కల టీచరుది, వాటితోపాటు ప్రొఫెసరుది. అందరి అంకెలూ ఎందుకండీ పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. ప్రొఫెసరు ఒక్కడే పైన, రోగుల మధ్య, వాళ్ళలో ఒకడిగా ఉన్నాడు.

ఆయనకు అప్పటికి లెక్క తేలింది. ఏడాదిగా రోగుల అంకెలేవీ కుంగలేదు. తన అంకె పెరుగుతూ వచ్చింది. కొలబద్దే సాగిపోతుంటే కొలిచినవన్నీ పొట్టిగా కనబడ్డాయి, అంతే. 'ఒరే మేధావీ,' అని తనను తానే పిలుచుకున్నాడు, 'కేన్సర్‌ను పసిగట్టే పరీక్ష తయారుచేశావు. అది పసిగట్టి ఏడాదిగా నీ చెవిలో పోరుతుంటే, ఫ్రిజ్ మార్పించావు గదరా.'

అదే అంతస్తు చివర రేడియాలజిస్టు గది. కాలేజీ రోజుల నుంచీ స్నేహితుడు.

"చిన్న స్కాను తీయాలిరా. ఏమీ ఉండదనుకో," అని మొదలుపెట్టాడు ప్రొఫెసరు. "ఆ మార్కరు జలుబు చేసినా పెరుగుతుంది. వయసుతో కూడా పెరుగుతుంది. రక్తం తీసిన గొట్టాన్ని గట్టిగా ఊపినా చాలు..."

"ఆగాగు. ఇవన్నీ మొన్న మీటింగులో నేనన్నవే కదా? అప్పుడు బల్ల గుద్ది మరీ నాకు చదువు రాదన్నావు."

"అప్పుడది రోగుల రక్తం."

"మరి ఇప్పుడు ఎవరిది?"

ప్రొఫెసరు చొక్కా చెయ్యి పైకి మడిచి సూది గుర్తు చూపించాడు. రేడియాలజిస్టు ఇంక ఏడిపించకుండా, మర్నాడే రమ్మన్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య జవాబు పత్రాలు దిద్దుతోంది. ఆయన ఎదురుగా కూర్చుని, అటు తిప్పి ఇటు తిప్పి విషయం చెప్పాడు. లెక్కల మనిషి, సగంలోనే పట్టేసుకుంది. ఎర్ర పెన్ను కింద పెట్టింది.

"రేపు స్కానులో ఏమీ కనబడకపోతే?"

"పరీక్ష పనికిరాదని అర్థం. ఇన్నేళ్ళ పనీ చెత్తబుట్టలోకే."

"కనబడితే?"

"పరీక్ష గొప్పదని."

"మీరు ఏది కోరుకుంటున్నారు?"

ప్రొఫెసరు నోరు తెరిచాడు. ఏ పసివాడైనా ఠక్కున చెప్పే జవాబు. ఆయనకు రాలేదు. ఒకవైపు తన వయసంతా పోసిన పని, ఇంకోవైపు ప్రాణం. తక్కెడలో వేసి చూసుకుంటూ కూర్చున్నాడు. తలెత్తేసరికి ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఆలోచించుకోండి. తొందరేముంది," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మోగాయి. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, ఏం చెప్పినా ఇప్పుడు సర్దిచెప్పినట్టే ఉంటుందని వెనక్కొచ్చాడు. తన మీద తనకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు.

మర్నాడు ఊపిరి పీల్చి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాడు, వదలమన్నప్పుడు వదిలాడు. తర్వాత ఆయనా, వెంట వచ్చిన భార్యా, రేడియాలజిస్టూ తెర ముందు కూర్చున్నారు. రేడియాలజిస్టు బొమ్మలను కిందికీ పైకీ జరిపి ఒకచోట ఆపాడు.

"ఉందిరా," అన్నాడు మెల్లగా. "కుడివైపు, పైన. ముక్క తీసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేం. కానీ దాని వాలకం నాకు నచ్చలేదు. చిన్నదే, ఒక్కచోటే ఉంది, కోసి తీసేయొచ్చు. దగ్గొచ్చి నువ్వే పరిగెత్తుకొచ్చే దాకా ఆగి ఉంటే వేరే కథ."

ప్రొఫెసరు ఇదంతా వినలేదు. 'ఉందిరా' అన్న దగ్గరే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆపుకునేలోపే నవ్వు వచ్చేసింది. దగ్గు లేదు, ఆయాసం లేదు, అయినా పట్టేసింది! ఇక ఎవడు కాదంటాడో చూస్తాను, అనుకుంటూ తెర మీది మచ్చ వైపు మళ్ళీ చూశాడు. అది తన ఊపిరితిత్తి అని అప్పుడు తట్టింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

పక్కకు తిరిగితే భార్య ఆయన్నే చూస్తోంది.

"నవ్వండి, పర్లేదు," అంది. "ఎన్నేళ్ళ కష్టమో నాకు తెలీదా?"

రేడియాలజిస్టు ఎవరో పిలిచినట్టు బయటికి వెళ్ళిపోయాడు. ప్రొఫెసరుకు ఉన్నట్టుండి భయమేసింది. వార్డులో రోగుల కళ్ళలో రోజూ చూసి, అదేమిటో తనకు తెలుసనుకున్న భయం. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయి ఉంటే బాగుండేది," అన్నాడు. "నా పరీక్ష. మొత్తం తప్పయిపోయినా బాగుండేది. నాకు బతకాలనుందే."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"పరీక్ష తప్పయితే మచ్చ పోతుందా?" అంది. "అదక్కడే ఉండేది. మనకు తెలిసేది కాదు, అంతేగా."

అవును గదా, అనుకున్నాడు ప్రొఫెసరు. అంత చదువు చదివి, నిన్నటి నుంచీ ఆ తక్కెడ పట్టుకుని కూర్చున్నవాడికి, ఆ రెండూ ఒకే పళ్ళెంలో ఉన్నాయని తోచనే లేదు. ఇన్నేళ్ళ పనీ తన ప్రాణం మీదికే వచ్చిందని బెంబేలెత్తిపోయాడు గానీ, ఆ పనే తన ప్రాణానికి అడ్డం నిలబడిందని చూసుకోలేదు. ఆమె భుజం మీద తల పెట్టి, ఎవరైనా వస్తారన్న ఆలోచన కూడా లేకుండా ఏడ్చాడు.

"సరేలెండి," అంది ఆమె కాసేపటికి. "ముక్క తీసే డాక్టరు ఏ గదిలో ఉంటాడో కనుక్కుందాం పదండి."